గాజు పైకెక్కిన రోజు

పియేరా చేతుల్ని ఒకసారి చూసినవాళ్ళు రెండోసారి అటు చూడటానికి జంకేవాళ్ళు. ఎర్రగా, నున్నగా, గీతలే లేని అరచేతులు. వేళ్ళ చివర్లు తొక్క తీసిన ఉడికిన దుంపల్లా మెరిసేవి. చెయ్యి చూసి జాతకం చెప్పేవాడికి చూపిస్తే బేరం వదులుకుని పారిపోతాడని ఆమే నవ్వేది. నవ్వేసి, వెంటనే రెండు చేతులూ నడుముకు కట్టుకున్న గుడ్డ కింద దాచేసేది.

దాచాల్సిన పనేముందంటారా? ఉంది. ఆ చేతులకి వేడి తెలియదు. చల్లన కూడా తెలియదు. ఆమె పుట్టింది పేషా అనే ఊళ్ళో. అక్కడ ఆడపిల్లకి పళ్ళూడే వయసొస్తే చాలు, పట్టు తీసే చోట రాగి కాగు ముందు కూర్చోబెడతారు. నీళ్ళు మరుగుతుంటాయి, పట్టుగూళ్ళు గిరగిరా తిరుగుతుంటాయి, వాటి దారం కొసని వేళ్ళతోనే వెతికి లాగాలి. కర్రతో కాదు, గరిటెతో కాదు, వేళ్ళతోనే. మొదట్లో పియేరా ఏడ్చింది. తర్వాత బొబ్బలు ఏడ్చాయి. ఆ తర్వాత ఎవరూ ఏడవలేదు. "మొదట్లో గోల చేస్తాయే చేతులు, తర్వాత వాటంతటవే నోరు మూసుకుంటాయి," అని పెద్ద ఆడవాళ్ళు పకపకా నవ్వేవాళ్ళట. ఆ నవ్వు తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

పెళ్ళయింది. మొగుడు మేయో కంచర గాడిదల మీద సరుకు వేసుకుని కొండదారిన తిరిగేవాడు. ఒక చలికాలం కనుమ దగ్గర మంచులో చిక్కుకుని చచ్చిపోయాడు. శవాన్ని మోసుకొచ్చినవాళ్ళు తలుపు దగ్గరే తచ్చాడుతుంటే, "ఏమైందో చెప్పండర్రా," అని పియేరా అరిచింది. అప్పుడు చెప్పారు. మేయో మంచులో చొక్కా, కోటు అన్నీ విప్పేసి, ఒంటి మీద నూలుపోగు లేకుండా పడి ఉన్నాడట. చలి మరీ ముదిరిపోతే ఆఖర్లో ఒళ్ళంతా కాలిపోతున్నట్టు ఉంటుందట, బట్టలు పీకి పారేస్తారట. పియేరా మనసులో ఆ మాట మేకులా దిగిపోయింది.

విధవరాలై ఫ్లోరెన్సు చేరింది. ఆర్నో నది అవతలి ఒడ్డున, శాంటో స్పిరిటో గుడి వెనక సందులో, లాపో గారనే పట్టు వర్తకుడి ఇంట్లో వంటింటి పనికి కుదిరింది. కుదిరిన కొత్తలోనే కొంప మునిగింది. పెద్దాయనకి కాళ్ళనొప్పులు. పాదాలు పెట్టుకోవడానికి తొట్టిలో వేణ్ణీళ్ళు తెమ్మన్నాడు. పియేరా తెచ్చింది. వేలు ముంచి చూసింది కూడా. ఆయన పాదాలు రెండూ ఒకేసారి అందులో పెట్టాడు.

ఆ కేక నది ఇవతలికి వినిపించిందంటారు.

"చంపేశావే దెయ్యమా! నన్ను కోడిలా ఉడకబెడదామనుకున్నావా?"

"చూశానయ్యగారూ! చెయ్యి పెట్టి మరీ చూశాను!"

"ఏదీ, ఆ చెయ్యి చూపించు!"

చూపించింది. ముసలాయన తిట్లు ఆగిపోయాయి. ఆ అరచేతిని తన రెండు చేతుల్లోకి తీసుకుని, కొవ్వొత్తి దగ్గరగా పెట్టాడు. ఆమె చెయ్యి వెనక్కి లాక్కోలేదు. ఆయన ముఖం పాలిపోయింది. "ఎవరు చేశారే ఇది నీకు?" అన్నాడు. ఆయన అమ్మిన పట్టంతా పేషా నుంచి వచ్చిందే. పియేరా ఆ మాట అనలేదు. ఆయనకే తట్టినట్టుంది, ఎందుకంటే చాలాసేపు తల ఎత్తలేదు.

మర్నాడు ఆమెను తన గదిలోకి పిలిచి గోడకున్న ఒక గాజు గొట్టాన్ని చూపించాడు. ఇవాళ మనం థర్మామీటరు అంటామే, దానికి అది ముత్తాత అనుకోండి. పైన కోడిగుడ్డంత గాజు బుడ్డి, దాని కింద సన్నటి పొడవాటి గొట్టం, గొట్టం కొస ఒక గిన్నెలోని ఎర్రనీళ్ళలో మునిగి ఉంటుంది. బుడ్డి నిండా గాలే. వేడి తగిలితే గాలి ఉబ్బి నీళ్ళని కిందికి తోస్తుంది. చలికి గాలి ముడుచుకుంటే నీళ్ళు పైకి పాకుతాయి. గొట్టం పొడవునా దారంతో ముడులు కట్టి ఉన్నాయి, గుర్తుల కోసం.

"ఇకమీదట నీ చెయ్యి ఇదే. కిందికి దిగితే వేడి, పైకెక్కితే చలి. అంతే. నీ చేతుల సంగతి నాకు తెలుసు, నీకు తెలుసు. మూడో మనిషికి అక్కర్లేదు."

ఇంకొకటి కూడా నేర్పాడు. ఎండాకాలంలో ఆమెను నేలమాళిగలోకి తీసుకెళ్ళి, "చల్లగా ఉందా?" అన్నాడు. "హాయిగా ఉందయ్యగారూ," అంది. చలికాలంలో మళ్ళీ తీసుకెళ్ళి, "వెచ్చగా ఉందా?" అన్నాడు. "వెచ్చగానే ఉంది." అప్పుడు గాజుని చూపించాడు. రెండుసార్లూ నీళ్ళు ఇంచుమించు ఒకే ముడి దగ్గర ఉన్నాయి. "చూశావా? మాళిగ మారలేదు, నీ ఒళ్ళు మారింది. చర్మం అబద్ధాలాడుతుంది పియేరా. గాజు ఆడదు."

ఆ మాటని ఆమె జపమాల కంటే ఎక్కువసార్లు తిప్పుకుంది. గాజు చూసి తొట్టి నీళ్ళు కలిపేది. గాజు చూసి రొట్టె పిండి పులియబెట్టేది. వీధిలో ఎవరికి జ్వరమొచ్చినా, "గాజు పియేరాని పిలవండే," అని కబురొచ్చేది. బుడ్డిని రోగి గుప్పిట్లో పెట్టి, నీళ్ళు ఎన్ని ముడులు దిగాయో చూసి, కనుబొమ్మలు ముడిచి గంభీరంగా చెప్పేది. అందరూ నోళ్ళు తెరుచుకుని వినేవాళ్ళు. ఊళ్ళో పెద్ద వైద్యులకి లేని గౌరవం ఈమెకి దక్కిందని రొట్టెలు కాల్చే ఆవిడ కుళ్ళుకునేది కూడానూ.

లాపో గారు పోయాక ఆ రహస్యం తెలిసిన మనిషి పియేరా ఒక్కతే మిగిలింది. ఆయన కోడలు కస్సాండ్రాకి ఆడపిల్ల పుట్టింది, ఒరెట్టా. కాన్పు కష్టమై తల్లి మంచం పట్టడంతో బిడ్డ పియేరా ఒళ్ళోనే పెరిగింది. 'పియేరా' అనడం రాక 'పియ్యా' అనేది. పిల్ల తొట్టి స్నానానికి నీళ్ళు కలిపేటప్పుడల్లా పియేరా తలుపు గడియ వేసుకునేది. గాజు పెట్టి చూసేది, తర్వాత మోచేయి ముంచి చూసేది, మళ్ళీ గాజు. ఈ చేతుల సంగతి బయటపడితే పిల్లని తన ఒళ్ళోంచి లాగేసుకుంటారని ఆమెకి తెలుసు. ఎవరు మాత్రం ఊరుకుంటారు?

ఒరెట్టాకి నాలుగేళ్ళొచ్చిన ఏడు, ఆకులు రాలే కాలంలో ఇంటి పిల్లి పిచ్చుకని తరుముతూ గోడ మీదికి దూకి పాత గాజుని నేలకూల్చింది. పియేరా చీపురు పట్టుకుని ఆ ముక్కల ముందు కూర్చుని, సొంత మనిషి పోయినట్టు ఏడ్చింది. కస్సాండ్రా తమ్ముడు బిందోకి ఈ సంగతి తెలిసి, ఒక పొద్దున్న గుర్రాన్ని గుమ్మంలో నిలబెట్టి లోపలికి వచ్చాడు. అతని కోటు జేబులోంచి పొడవాటి గాజు పుల్ల ఒకటి బయటికొచ్చింది.

"ఇదుగో పియేరా, ఏడుపు ఆపు! దొరగారి కొలువులో గాజు ఊదేవాణ్ణి బతిమాలి చేయించాను. రెండు వైపులా మూసేశారు, గాలి దూరదు. నీళ్ళు కాదు, లోపల సారా. ఎండిపోదు, గడ్డకట్టదు."

పియేరా దాన్ని రెండు చేతులతో అందుకుంది. కింద గుండ్రటి బుడ్డి, పైన సన్నటి గొట్టం, గొట్టం మీద నల్లటి, తెల్లటి చిన్న చిన్న చుక్కలు. బుడ్డి కిందుందేమిటి చెప్మా, అనుకుంది. పాతదానికి పైన కదా ఉండేది. అడుగుదామని నోరు తెరిచింది.

"ఎలా చూడాలో చెప్పమంటావా?" అన్నాడు బిందో కళ్ళెగరేసి. "నేను నీకు చెప్పడమేంటి, ఈ వీధి వీధంతా నవ్విపోతుంది! గాజు పియేరాకి గాజు నేర్పాడట అని." పకపకా నవ్వాడు. కస్సాండ్రా నవ్వింది. పియేరా కూడా నవ్వింది. అడగబోయిన మాట గొంతులోనే మింగేసింది. బిందో గుర్రమెక్కి సియెనా వెళ్ళిపోయాడు.

అదే పొద్దున్న ఒరెట్టా రొట్టె పులుసు తిననని పేచీ పెట్టింది. తర్వాత ఒణకడం మొదలుపెట్టింది. పళ్ళు టకటకా కొట్టుకుంటున్నాయి, పెదాలు తెల్లబడ్డాయి.

"చలి పియ్యా, చలి."

పియేరా పిల్లని ఎత్తుకుని నుదుటి మీద ముద్దు పెట్టుకుంది. పెదవికి వెచ్చగా తగిలింది. ఆమె పట్టించుకోలేదు. పెదవి కూడా చర్మమే కదా. కొత్త గాజు తెచ్చి బుడ్డిని పిల్ల చంకలో పెట్టి, చెయ్యి అదిమిపట్టి కూర్చుంది.

పాత గాజైతే ఈపాటికి దిగడం మొదలుపెట్టేది. మనిషి ఒంటికి తగిలితే చాలు, జ్వరమున్నా లేకపోయినా నీళ్ళు దిగేవి. ఎంత దిగాయన్నదే లెక్క. ఇన్నేళ్ళలో ఒక్కరి చేతిలో కూడా పైకెక్కలేదు. ఇప్పుడు ఈ సారా కదిలింది. పైకి కదిలింది.

పియేరా కళ్ళు నులుముకుని మళ్ళీ చూసింది. ఒక నల్ల చుక్క దాటింది. ఇంకొకటి దాటింది. ఆగకుండా ఎక్కుతోంది.

మరియమ్మ తల్లీ! పిల్ల ఒళ్ళు గది కంటే చల్లగా ఉంది! బతికున్న మనిషి ఒళ్ళు గాలికంటే చల్లబడటమంటే ఏమిటి అర్థం? మేయోని మోసుకొచ్చినప్పుడు చెంపకి చెంప ఆనించింది ఆమె. ఆ చల్లదనం ఒక్కటే ఆమెకి తెలుసు.

"ఏమంటోందే?" అంది కస్సాండ్రా. కిటికీ పక్కన కుట్టుకుంటున్నది లేచి వచ్చింది.

"పైకి పోతోందమ్మగారూ."

"పైకంటే?"

"చలి. మామూలు చలి కాదు. నా జన్మలో చూడలేదు."

కస్సాండ్రా పిల్ల నుదుటి మీద చెయ్యి వేసింది. చటుక్కున తీసేసింది. "అదేంటే, నాకు నిప్పులా తగుల్తోందే!"

"పొద్దుటినుంచీ కిటికీ దగ్గర కూర్చున్నారు కదమ్మా. మీ చెయ్యి మంచుగడ్డలా ఉంది, అందుకని పిల్ల వేడిగా అనిపిస్తోంది. పెద్దయ్యగారు ఎన్నిసార్లు చెప్పలేదూ? చర్మం అబద్ధాలాడుతుందని."

కస్సాండ్రా తన చేతిని చూసుకుంది. గాజు వైపు చూసింది. మామగారి మాట. వీధంతా నమ్మే మనిషి. "అంతేనంటావా?" అంది.

"గాజు మీ కళ్ళముందే ఉందిగా."

వైద్యుడికి కబురు పెట్టారు. ఆయన ఫియెసోలే కొండ మీద ఎవరికో మందివ్వడానికి వెళ్ళాడట, రేపు గానీ రాడట. ఇక పియేరా ఆగలేదు. కుంపటి రాజేసి మంచం పక్కకి ఈడ్చింది. కిటికీ సందుల్లో గుడ్డపీలికలు కుక్కింది. దుప్పటి కింద పక్క వెచ్చబెట్టడానికి నిప్పుల కుండ వేలాడే చెక్క చట్రం ఒకటుంటుంది. దాన్ని వాళ్ళు పాదిరి, అంటే మతగురువు, అంటారు. ఇంకోరోజైతే, "పాదిరిని పక్కలో పెట్టుకుని పడుకోండమ్మగారూ," అని పియేరా చిలిపిగా అనేది, కస్సాండ్రా కొట్టడానికి చెయ్యెత్తేది. ఇవాళ ఆ చట్రాన్ని మాట్లాడకుండా పిల్ల కాళ్ళ దగ్గర దూర్చింది. కాచిన ద్రాక్షసారా చెంచాతో పోసింది. ఉన్న దుప్పట్లన్నీ కప్పింది.

మళ్ళీ గాజు పెట్టింది. ఇంకా పైకెక్కింది.

"చాలట్లేదు," అంది. "ఇంకో కుంపటి కావాలి."

గది రొట్టెలు కాల్చే పొయ్యిలా తయారైంది. కస్సాండ్రా రవిక తడిసి ఒంటికి అతుక్కుపోయింది. పియేరా ముఖం మీంచి చెమట ధారలు కట్టింది, తను పరుగులు పెడుతున్నందుకనుకుంది. ఒణుకు ఆగిపోయి పిల్ల బుగ్గలు ఎర్రబడ్డాయి. కస్సాండ్రా, "తగ్గినట్టుందే," అంటూ ఆశగా ముందుకు వంగింది. అప్పుడే ఒరెట్టా దుప్పట్లని కాళ్ళతో తన్నింది.

"కాలుతోంది పియ్యా. తీసెయ్. కాలుతోంది."

గౌను మెడ దగ్గర పట్టుకుని చింపుకోబోయింది.

మంచులో మేయో. విప్పేసిన చొక్కా. మేకులా దిగిన ఆ మాట. "వద్దు తల్లీ, వద్దు, విప్పకూడదు," అంటూ పియేరా పిల్ల మీద పడింది. "అమ్మగారూ, కాళ్ళు పట్టుకోండి! ఇది ఆఖరి చలి! బట్టలు తీశామా, పిల్ల దక్కదు!"

"అదేం మాటే, నా తల్లో..."

"పట్టుకోండమ్మగారూ! మా ఆయన ఇలాగే పోయాడు!"

ఇద్దరూ పట్టుకున్నారు. పసిగుడ్డుగా ఉన్నప్పుడు చుట్టిన పొడవాటి గుడ్డపట్టీలు పెట్టెలో ఉన్నాయి. పియేరా వాటిని తెచ్చి, నాలుగేళ్ళ పిల్లని భుజాల నుంచి మడమల దాకా దుప్పట్లతో సహా గట్టిగా చుట్టేసింది. చెయ్యి కదలకుండా, కాలు కదలకుండా. ఒరెట్టా కేకలు పెట్టింది. కాసేపటికి కేకలు మూలుగులయ్యాయి. "పియ్యా, కాలుతోంది," అంటూనే ఉంది. పియేరా వినిపించుకోకుండా, ఏడుస్తూ ముడులు వేసింది. ఎంత ప్రేమగా వేసిందో ఆ ముడులు!

ఆఖరి ముడికి వంగబోతే అడ్డొస్తోందని, నడుముకున్న గుడ్డలో దోపుకున్న గాజుని కుంపటి పక్కన పీట మీద పెట్టింది. ముడి వేసి వెనక్కి తిరిగింది.

సారా పాకుతోంది. పైకి.

పియేరా దానికేసి చూస్తూ ఉండిపోయింది. పీట మీద పిల్ల లేదు. చలి లేదు. జానెడు దూరంలో నిప్పులు ఎర్రగా భగ్గుమంటున్నాయి. సారా వాటివైపు బుడ్డి పెట్టుకుని, ఒక్కో చుక్కా దాటుకుంటూ, హాయిగా ఎక్కుతోంది. దిగాలి కదా ఇది? నిప్పు పక్కన దిగాలి కదా?

గాజు తీసుకుని కిటికీ దగ్గరికి నడిచింది. సందులో కుక్కిన గుడ్డ పీకి, రెక్క తెరిచి, బుడ్డిని బయటి చలిగాలిలో పెట్టింది. సారా కిందికి దిగింది. బుద్ధిగా, తొందరపడకుండా, దిగింది.

"కిటికీ తీశావేంటే?" అని కస్సాండ్రా అరిచింది.

పొద్దుటినుంచీ జరిగిందంతా తలకిందులై పియేరా మీద పడింది. ఎక్కినకొద్దీ నిప్పు వేసింది. నిప్పు వేసినకొద్దీ ఎక్కింది. బిడ్డని తన చేతులతో తనే ఉడకబెట్టింది.

దాచడమెందుకు, ఒక్క క్షణం ఒక పాడు ఆలోచన కూడా వచ్చింది. చలి వదిలిందమ్మగారూ, ఇక దుప్పట్లు తీసెయ్యొచ్చు అంటే చాలు. ఎవరికీ తెలియదు. పరువుంటుంది, పనుంటుంది, పిల్ల ఉంటుంది. ఇప్పుడు గాజు చదవడం వచ్చేసింది కూడా, దాన్ని చూసి పిల్లని చల్లబరుచుకోవచ్చు. అలా అనుకుని చేతిలోని గాజు కేసి చూసింది.

గాజు లేదు. అరచేతిలో నెత్తురుంది. ఎప్పుడు పిడికిలి బిగించిందో తెలియదు, గాజు నుగ్గునుగ్గైపోయింది. ముక్కలు ఆ ఎర్రటి నున్నటి చేతిలో లోపలిదాకా దిగి, వేళ్ళ సందుల్లోంచి నెత్తురూ సారా కలిసి నేల మీద బొట్లు బొట్లుగా కారుతున్నాయి.

కస్సాండ్రా కెవ్వుమంది. "పియేరా! నీ చెయ్యి! నొప్పి పుట్టట్లేదా?"

"తెలియదమ్మగారూ."

"తెలియకపోవడమేంటే?"

"వేడి తెలియదు, నొప్పి తెలియదు. చిన్నప్పుడే చచ్చిపోయాయి ఈ చేతులు." ఇక ఆగలేదు ఆమె. "నేను తప్పు చూశానమ్మగారూ. ఇది పాతదానిలా కాదు. వేడికి ఎక్కుతుంది. బిడ్డ కాలిపోతోంది. పట్టీలు కొయ్యండి, ముందు కొయ్యండి! గాజు పోయింది, నా చేతులకి తెలియదు, మీ చెయ్యి పెట్టండి. మీ చెయ్యే కావాలి!"

కస్సాండ్రా ముఖంలో నెత్తుటిచుక్క లేదు. కుట్టుపని కత్తెర తీసుకుని పట్టీలు కోసింది. దుప్పట్లు ఒక్కొక్కటీ లాగేస్తుంటే ఆవిరి లేచింది. లోపల ఒరెట్టా గుడ్లు తేలేసింది. ఒళ్ళంతా కొయ్యలా బిగుసుకుని, నోట్లోంచి నురగ వచ్చి, ఎగిరెగిరి పడటం మొదలుపెట్టింది.

"ఏసయ్యా! నా బిడ్డని చంపేశావే!" అని కస్సాండ్రా కేక పెట్టింది.

పియేరా పాదిరి చట్రాన్ని తన్ని పారేసింది. కుంపట్లని మెట్ల మీదికి ఈడ్చేసింది. కిటికీలన్నీ తెరిచింది. బావి నీళ్ళు బిందెలతో తెచ్చి పెట్టింది, కానీ పిల్లని ముట్టుకోలేదు. కస్సాండ్రా గుడ్డ తడిపి పిల్ల ఒళ్ళు తుడుస్తూ, "నీళ్ళు మరీ చల్లగా ఉన్నాయా? కొంచెం వేణ్ణీళ్ళు కలపనా? చెప్పవేం?" అని కేకలేసింది. ఇన్నేళ్ళుగా ఈ ఇంట్లో నీళ్ళ సంగతి చెప్పింది పియేరాయే మరి.

"మీరే చూడాలమ్మగారూ. మీకెలా అనిపిస్తే అలాగే."

కస్సాండ్రా గుడ్డ పట్టుకున్న చేతిని చూసుకుంది. చూసుకుని భోరుమంది. "నా చెయ్యి చెప్పిందే! పొద్దున్నే చెప్పింది నిప్పని! నా కడుపున పుట్టిన బిడ్డ నా చేతికి కాలుతుంటే, నీ గాజు మాట విని నోరు మూసుకున్నానే! కాళ్ళు కూడా పట్టుకున్నానే!" ఏడుస్తూనే తుడిచింది. మెడ, చంకలు, పాదాలు. నుదురు తాకి, ఆగి, మళ్ళీ తుడిచింది.

సాయంత్రం గుడి గంటలు మోగే వేళకి పిల్ల ఒళ్ళు వదులైంది. ఊపిరి సర్దుకుంది. కస్సాండ్రా గోడకి ఆనుకుని కూలబడిపోయింది. పియేరా గుమ్మం దగ్గరే, నెత్తురు చేతికి గుడ్డ చుట్టుకుని నిలబడి ఉంది. ఒరెట్టా కళ్ళు తెరిచి గదంతా వెతికి, ఆమెని చూసింది.

"కాలుతోందని చెప్పాను కదా పియ్యా," అంది నీరసంగా. కోపంగా కూడా కాదు. "నువ్వు వినలేదు."

పియేరా గుమ్మాన్ని పట్టుకుంది. పిల్ల చెప్పింది. తల్లి చెప్పింది. తన పెదవే చెప్పింది. ఆఖరికి ఆ గాజు కూడా పొద్దుటినుంచీ అదే చెప్పింది, దానికి చేతనైనట్టు, చుక్క చుక్కకీ చెప్పింది. విననిది తనొక్కతే.

కస్సాండ్రా గొంతు పెంచలేదు. "ఇంట్లోంచి పొమ్మనను. మామగారు నిన్ను ఉంచారు, ఉండు. వంటింట్లో ఉండు. కానీ నా బిడ్డ ఒంటి మీద చెయ్యి వెయ్యకు. ఈ జన్మలో వెయ్యకు."

"సరేనమ్మగారూ," అంది పియేరా.

బిందో సియెనా నుంచి తిరిగొచ్చి, "ఎలా ఉంది పియేరా నా కానుక?" అంటూ నవ్వుతూ వంటింట్లోకి వచ్చాడు. కట్టు కట్టిన చెయ్యి చూశాడు. సంగతి విన్నాడు. "నీకు తెలుసనుకున్నాను," అన్నాడు, నవ్వు ముఖం మీదే ఎండిపోయింది. "నాకూ తెలుసనే అనుకున్నాను బాబుగారూ," అంది ఆమె.

ఆ తర్వాత అలాంటి గాజులు ఊళ్ళో చాలా ఇళ్ళల్లోకి వచ్చాయి. పియేరా ఒక్కదానివైపు కూడా కన్నెత్తి చూడలేదు. వీధిలోవాళ్ళు కబురుపెడితే, "మీ అమ్మని చెయ్యి పెట్టి చూడమనండి," అని తలుపేసేది. కోపమొచ్చిందనుకునేవాళ్ళు. వంటింట్లో గంజి తిప్పుకుంటూ, పెద్దదవుతున్న పిల్ల అడుగుల చప్పుడు వింటూ బతికింది. ఒరెట్టా చిన్నప్పుడు పరిగెత్తుకొచ్చి నడుము చుట్టేస్తే, చేతులు రెండూ తల మీదికెత్తి, కదలకుండా నిలబడేది. పిల్లకి అదొక ఆట అనిపించేది. మాట ఇచ్చింది, తప్పలేదు. ఒక్కసారి కూడా తప్పలేదు.

ఒరెట్టాకి లుక్కా ఊళ్ళో సంబంధం కుదిరింది. బయల్దేరే పొద్దున్న, ముంగిట్లో బండి కట్టి ఉండగా, పెళ్ళిబట్టలతో వంటింట్లోకి వచ్చింది. పియేరా అలవాటు కొద్దీ చేతులు పైకెత్తబోయింది. ఒరెట్టా ఆ చేతుల్ని దారిలోనే పట్టుకుంది. మచ్చలు కట్టిన ఆ అరచేతిని తీసుకుని తన నుదుటి మీద పెట్టుకుంది.

"చెప్పు పియ్యా. ఒళ్ళు కాలుతోందా, చల్లగా ఉందా?"

చేతికి ఏమీ తెలియలేదు. పియేరా నెమ్మదిగా దాన్ని విడిపించుకుని గుడ్డ కింద దాచేసింది. తర్వాత మునివేళ్ళ మీద లేచి, పెళ్ళికూతురి నుదుటికి పెదాలు ఆనించింది. చాలాసేపు అలాగే ఉంచింది, ఈసారి తొందరపడకూడదని.

"వెచ్చగా ఉన్నావు తల్లీ," అంది. "మామూలుగానే ఉన్నావు."

గుమ్మంలో కస్సాండ్రా నిలబడి ఉంది. చూసింది. చూసీ చూడనట్టు పక్కకి తిరిగి, బండివాణ్ణి కాసేపు ఆగమని చెప్పడానికి వెళ్ళింది.